ఆ కొసన నిలబడ్డ చిన్నమ్మ

నా చిన్నప్పుడు మా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కింద నాట్లేసే ఆడోళ్ల జట్టుకు మా నాయనమ్మే పెద్ద. ఇరవై మంది ఒక్క వరుసల వంగితే, ఈ కొసన నాయనమ్మ నిలబడి పాటెత్తేది. ఆమె తర్వాత మాట చెల్లేది పక్కింటి చిన్నమ్మకు. ఆమేమో ముసలోళ్లు, కొత్తోళ్లు ఉండే ఆ కొసన నిలబడేది. అంత పనిమంతురాలిని గంత దూరం పెడుతరా అని నాకు మస్తు కోపమొచ్చేది. అప్పటికి నాకు పదేండ్లు. నారు కట్టలు అందించుడు తప్ప ఏం తెల్వదు గని, తీర్పులు మాత్రం బాగ చెప్పేదాన్ని.

నాయనమ్మ పాడితే చిన్నమ్మ బదులు అందుకునేది, ఆమె వెనక అందరూ. ఆ బదులు సాగిందంటే అక్కడెవరో వెనకబడ్డరని నాయనమ్మకు తెలిసిపోయేది. తన పాట నెమ్మది చేసేది. చేతులు పాటతోనే నడుస్తయి కద. ఈ సంగతి ఆ రోజు దాకా నాకు తెల్వదు.

ఆ రోజు పొద్దుగూకేలోపు నాటు అయిపోవాలె. తెల్లారితే తూము నీళ్లు వేరే మళ్లకు తిప్పుతరు. నాయనమ్మ మడి ఆసామికి మాటిచ్చింది, పాట ఉరుకులు పెట్టింది. మా అమ్మ ఏడో నెల కడుపుతోటి చిన్నమ్మ పక్కన ఉన్నది. ముఖం పాలిపోయి కండ్లు తిరుగుతున్నయి. కాని సొంత అత్తకు ఎట్ల చెప్పుకుంటది? పండ్లు బిగబట్టి వంగే ఉన్నది. చిన్నమ్మ బదులు సాగదీసింది. నాయనమ్మ వినలే. ఇంకా సాగదీసింది. ఊహూఁ! అప్పుడు చిన్నమ్మ నోరే మూసుకున్నది. వరుసంతా గప్‌చుప్.

నాయనమ్మ బురద తొక్కుకుంట కోపంగ వచ్చింది. చిన్నమ్మ ఆమె చెవిల ఏదో చెప్పింది. నాయనమ్మ మా అమ్మ దిక్కు చూసింది. అప్పుడు చిన్నమ్మ గట్టిగ అరిసింది: "అవ్వ జర ఆగుమంటున్నది, అందరూ ఒడ్డెక్కి నీళ్లు తాగుండ్రి!"

నాయనమ్మ అసలా మాటే అనలేదు!

అమ్మను నీడకు కూసోబెట్టి నాయనమ్మే మజ్జిగ తాపింది. మళ్ల దిగినంక అమ్మ జాగల తనే వంగి, పాటెత్తుమని చిన్నమ్మకు చెప్పింది. పొద్దు గూకకముందే మడి పచ్చగయింది.

ఇంటికి పోతుంటె చిన్నమ్మను అడిగిన, నువ్వే ఆపి అవ్వ పేరెందుకు చెప్పినవ్ అని.

"అవ్వ మాట పలుచనైతే రేపు ఇంతమందిని ఎవలు నడిపిస్తరే?"

"మరి ఆమె పక్కనే నిలబడొచ్చు కద?"

"పక్కన నిలబడితే అవ్వకు కనబడేదే నాకూ కనబడుతది. మీ అమ్మ కనబడకపోతుండె."

ఆ కడుపుల ఉన్నోడే మా తమ్ముడు. ఇప్పుడు వానికి బట్టతల, ఆ మడి నిండ ప్లాట్ల రాళ్లు. నేను మహిళా సంఘంల అధ్యక్షురాలి తర్వాతి మనిషిగ చానా ఏండ్లు చేసిన. మీటింగుల ఎప్పుడూ తలుపుకాడ, నోరు తెరవనోళ్ల నడుమనే కూసున్న.

మొన్న మనుమరాలు ఫోన్ చేసింది. సిటీల పెద్ద కంపెనీల పెద్దసారు తర్వాతి పదవి ఆమెకే ఇచ్చిండ్రట. సంబురంతోటి నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కుర్చీ ఏడేసిండ్రే అని అడిగిన. సారు పక్కనే అవ్వా అని మురిసిపోయింది.

"జర ఆ కొసకు జరుపుకో బిడ్డా" అన్న.