సరిహద్దు రాయి కింద ఇనుము

నా దగ్గర భూమిలో లోహాలు వెతికే మిషను ఒకటి ఉంది. విశాఖపట్నంలో పాత పైపుల జాడ తీయడానికి కొన్నాను గానీ, జనం నన్ను పిలిచేది ఎక్కువగా లంకెబిందెల కోసమే. అందుకే నా షెడ్డులో పనిచేసే ఢిల్లేశు వచ్చి "మా అక్క తోటలో ఇనప ముక్క ఎతకాల సార్" అంటే వింతగా అనిపించింది.

వాళ్ల అక్క దమయంతిది ఉద్దానంలో సముద్రం దగ్గరి ఊరు. భర్త లోకనాథం, అక్కడి నీళ్ల వల్లే వస్తుందని జనం అనుకునే కిడ్నీ జబ్బుతో పోయాడు. తుఫానుకి కొబ్బరి తోట నేలమట్టమైంది. మిగిలినవల్లా మరిది కూర్మారావు వాటాని ఆనుకున్న జీడిమామిడి చెట్లే. దినాలయ్యాక ఆవిడ జీడిపిక్కలు ఏరుకోవడానికి వెళ్తే కూర్మారావు అడ్డం నిలబడ్డాడు. చూస్తే సరిహద్దు రాయి ఆవిడ వాటాలోకి జరిగి ఉంది, చెట్లన్నీ అతని వైపున్నాయి. పంపకాలప్పుడు మావగారు ఆ రాయి కింద విరిగిన గునపం ముక్క పాతాడట. రాయిని ఎవడైనా జరుపుతాడు, కింది ఇనుము సంగతి గుర్తుండదు, అదే సాక్ష్యం అని అక్కడి పెద్దల నమ్మకం.

ఉదయం ఆరు దాటాక పలాస పాసింజరు ఎక్కాం. పొడుగాటి సంచీ చూసి ఎదుటి సీటు పెద్దాయన "తుపాకీయేటి బావూ?" అని అడిగాడు. కాదన్నా నమ్మలేదు. పలాసలో దిగేసరికి పదకొండు. ఉద్దానం వెళ్లేవాళ్లు కాశీబుగ్గలోనే భోజనం కానివ్వడం మంచిది. ఆపైన బస్సులు తక్కువ, హోటళ్లు ఇంకా తక్కువ. బస్సులో పక్కనున్న రైతు నా చేతిలో నీళ్ల సీసా చూశాడు.

"మంచి పని సేసినారు. మా నీల్లు తాగకండి. మేమంటే అలవాటైపోనాం" అన్నాడు నవ్వుతూ.

అలవాటు పడడానికి అదేమన్నా చుట్టా బీడీయా? నాకు నవ్వు రాలేదు. కిటికీలోంచి చూస్తే కూలిన కొబ్బరి మోడుల మధ్య కొత్త మొక్కలు మోకాలెత్తు లేచాయి.

దమయంతి పలాస జీడిపప్పు బట్టీలో పని చేస్తుంది. పిక్కల్లోని జీడి రసం కారి వేళ్లు నల్లగా మాడినట్టున్నాయి. మాకు నీళ్లివ్వకుండా పక్కింటివాళ్ల చెట్టు బొండాలు కొట్టించింది. పెరట్లో చిక్కుడు పందిరికి కట్లన్నీ సెలైను గొట్టాలే. "మా ఆయన ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడల్లా పట్టుకొచ్చీవోడు. పారేత్తే ఊరుకునీవోడు కాదు" అంది.

తోటకి వెళ్లేసరికి కూర్మారావు ముందే వచ్చి తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. బంగారం వెతికేటప్పుడు మిషను ఇనుమును పట్టించుకోకుండా పెడతాను. ఇప్పుడు అన్ని లోహాలూ పలికేలా తిప్పి, రాయి మొదట ఉండేదని దమయంతి చూపించిన చోట మొదలుపెట్టాను. ఒక తుప్పు మేకు దొరికింది. గజం గజం వెతికినా మరేమీ పలకలేదు.

"ఇప్పుడు రాయి కాడ సూడండి" అన్నాడు కూర్మారావు, లేవకుండానే.

రాయిని పక్కకి ఒరిగించి చూస్తే దాని కింద గట్టిగా పలికింది. మిషను కదలకుండా పట్టుకున్నా మోగే పద్ధతి ఒకటుంది, కచ్చితంగా చోటు పట్టడానికి. బటను నొక్కి అందులో పెట్టాను. తూర్పు నుంచి పడమరకి జరుపుతూ శబ్దం మొదలైనచోట ఒక పుల్ల, ఆగినచోట ఒక పుల్ల గుచ్చాను. తర్వాత ఉత్తరం నుంచి దక్షిణానికి. ఒకవైపు పుల్లల మధ్య మూరెడు దూరం, రెండోవైపు నాలుగు వేళ్లు. మిషను చివర నేలకి ఆనే పళ్లెం మెల్లగా పైకెత్తితే శబ్దం వెంటనే పోలేదు, అంటే మరీ పైపైన లేదు.

"మూరెడు పొడుగు, సన్నం. జానెడు పైనే లోతు" అన్నాను. నా పనితనానికి నేనే మురిసిపోతున్నాను. దమయంతి మొహం చూశాక నోరు మూసుకున్నాను.

ఢిల్లేశు తవ్వాడు. గునపం ముక్కే. దాని చుట్టూ సెలైను గొట్టం చుట్టి, పందిరికి ఉన్నట్టే రెండు ముళ్లు వేసి ఉంది. మావగారు పోయిన నాటికి ఆ ఇంట్లో సెలైను ఎక్కించుకున్నవాళ్లే లేరు. దమయంతి గొయ్యి పక్కన చతికిలబడింది.

"నన్ను దొంగన్నావు కదొదినా" అన్నాడు కూర్మారావు. "నువ్వు బట్టీకెల్లినప్పుడు మా అన్నే తవ్వి ఇక్కడ పాతినాడు. నాను కిడ్నీ ఇత్తానన్నానని ఆ సెట్లు నాకు ఒగ్గేసినాడు."

"మరెందుకివ్వనేదు?"

"రగతం కలవనేదు."

"పరీచ్చకి ఎప్పుడెల్నావు?"

కూర్మారావు తువ్వాలు అంచు మీది మట్టి దులుపుకున్నాడు. ఆవిడ ఇంకోసారి అడిగింది. అతను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. అతని చెంప పగలగొట్టాలనిపించింది. నేను మిషను పట్టుకుని నిలబడ్డాను, అంతే.

"కేసు పెడదామక్కా" అన్నాడు ఢిల్లేశు.

"ఎవులి మీద?" అంది దమయంతి. ముడి విప్పి గొట్టాన్ని కొంగున కట్టుకుంది. "పూడ్చీండి. ఆయన సేత్తో పెట్టింది నాను తీయనేను."

సాయంత్రం బస్సు దొరికింది, పలాసలో రైలూ వేళకే వచ్చింది. ప్రయాణంలో కష్టమేమీ లేదు, వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు. తోటలు మళ్లీ లేస్తున్నాయి, జనం మంచివాళ్లు, నీళ్లు మాత్రం వెంట తీసుకెళ్లాలి. నావరకు నేను ఆ ఊరు వెళ్లకుండా ఉంటే బాగుండేది.

రైలు పలాస దాటాక ఢిల్లేశు నా వైపు తిరిగాడు.

"ఇన్నాల్లూ మా అక్క మరిదిని తిట్టుకుని, బావని తలుసుకుని ఏడిసీది సార్. ఇప్పుడు బావని తలుసుకుని ఎలాగేడుత్తాది?"