కొలుంబా తవ్విన గొయ్యి

మా కొండ ఊళ్ళో అందరం జాడీలు చేసేవాళ్ళమే. అది తాతల నాటి పని కాదు. ఏసును నమ్మినందుకు పల్లపు ఊళ్ళ నుంచి తరిమితే, పొలం లేనివాడికి మట్టే దిక్కని ఇక్కడికి చేరాం. గుడి లేదు, గురువు లేడు. ఆదివారం జాడీలు కాల్చే ఆవం వెనక కూర్చుని జపమాల చెప్పుకునేవాళ్ళం. చెప్పించేది కొలుంబా. ఆవిడకు అక్షరం ముక్క రాదు, ప్రార్థనలన్నీ నోటికి వచ్చు. చుట్టుపక్కల ఏ పసిగుడ్డుకు ప్రాణం మీదికొచ్చినా, మన మతమా కాదా అని చూడకుండా మందాకు పట్టుకుని వెళ్ళేది. తడి చేత్తో నుదురు తుడుస్తున్నట్టే తుడిచి, ఎవరికీ తెలియకుండా జ్ఞానస్నానం ఇచ్చి వచ్చేది.

అలా ఒక పసివాడి కోసం అవతలి లోయకు వెళ్ళిన రోజునే రాజభటులు మా ఊరి మీద పడ్డారు. మా నాన్ననూ, ఆవిడ భర్త చిల్‌బొక్‌నూ కట్టి తీసుకుపోయారు. కచేరీలో ఇద్దరినీ పక్కపక్కనే బల్లల మీద పడుకోబెట్టి కొట్టారట. మా నాన్న ఏసు పేరు వదల్లేదు, తల తీశారు. మోకాళ్ళు నుజ్జయ్యాక చిల్‌బొక్ వదిలేశాడు. "ఆ దేవుణ్ణి ఎరగను" అన్నాడు. అతన్ని గేటు బయట పారేశారు.

కొలుంబా వెళ్ళి, కట్టెలు మోసే చట్రంలో అతన్ని కూర్చోబెట్టుకుని, వీపు మీద కొండెక్కించింది.

మా అమ్మ దారికడ్డంగా నిలబడింది.

"తెచ్చుకున్నావా నీ మొగుణ్ణి? నాకు తలకాయ కూడా ఇవ్వలేదే."

"నన్ను తిట్టు వదినా, పడతాను. ఆయన్ని దింపనీ ముందు. నెత్తురు కారుతోంది."

"దేవుణ్ణి అమ్ముకున్న నోటికి గంజి ఎలా పోస్తావే?"

"చెంచాతో పోస్తాను."

ఆ తర్వాత వాళ్ళ ఇంటి నుంచి నిప్పు కూడా ఎవరూ అడిగి తీసుకోలేదు. ఆదివారం జపం చెప్పించే పని సంఘపెద్ద మరొకరికిచ్చాడు. కొలుంబా అందరికంటే వెనక కూర్చుని గొంతు కలిపేది. చిల్‌బొక్ ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"ప్రార్థనలో నా పేరెత్తకే, సిగ్గేస్తోంది," అనేవాడు.

"నీ సిగ్గు నీది, నా ప్రార్థన నాది. తిను," అనేది.

పాపం ఒప్పుకుందామన్నా, విని క్షమాపణ చెప్పే గురువు దేశంలో లేడు, అందరినీ చంపేశారు. ఎదురుచూసి ఎదురుచూసి, నడుము వరకు పుండుపడి, ఒక చలికాలం ఉదయాన అతను పోయాడు.

"విశ్వాసులను పూడ్చే దిబ్బలో చోటివ్వలేం కొలుంబా," అన్నాడు సంఘపెద్ద. "అక్కడ ప్రాణమిచ్చినవాళ్ళు ఉన్నారు."

ఆవిడ వాదించలేదు. పలుగు తీసుకుని వాగు అవతలికి వెళ్ళింది. నేల రాయిలా గడ్డకట్టి ఉంది. పలుగు తగిలిన చోట తెల్లటి గీత తప్ప ఏమీ పడటం లేదు. చితుకులు మండించి కరిగినంత తవ్వుతోంది, మళ్ళీ మండిస్తోంది. మధ్యాహ్నానికి గొయ్యి మోకాలి లోతు కూడా కాలేదు.

మా అమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి ఆవం దగ్గరికెళ్ళి, పగిలిన జాడీలో నిప్పులు నింపుకుని, వాగు దాటి గొయ్యిలో కుమ్మరించింది.

"ఇది వాడి కోసం కాదు," అంది.

"తెలుసు వదినా."

"లే, ఆ పలుగిటివ్వు. నీ చేతులు పగిలిపోయాయి."

సాయంత్రానికి ఇద్దరూ కలిసి అతన్ని పూడ్చారు. అమ్మ జపంలో గొంతు కలపలేదు, వెళ్ళిపోనూ లేదు.

ఏళ్ళు గడిచాక, చావు జరిగిన ఇంటివాళ్ళు కట్టే దుఃఖవస్త్రాల్లో, ముఖం కప్పేసే పెద్ద టోపీ కింద దాక్కుని ఒక విదేశీ గురువు వచ్చాడు. ఊరంతా ఏడ్చింది. పాపాలు ఒప్పుకునే తన వంతు రాగానే కొలుంబా అడిగింది.

"అయ్యా, మా ఆయన చివరిదాకా పశ్చాత్తాపపడ్డాడు. ఆయనకు దారి ఉందా?"



"నాకు తెలియదమ్మా. దేవుడికి తెలుసు. ప్రార్థించు," అన్నాడాయన.

"ప్రార్థిస్తూనే ఉన్నానయ్యా," అంది.

ఆ తర్వాతి వేసవిలో వాంతుల జబ్బు కింది ఊళ్ళను ఊడ్చేసింది. చచ్చే పిల్లల దగ్గరికి రోజూ దిగి వెళ్ళి, దాన్నే అంటించుకుని వచ్చింది కొలుంబా. రెండో రోజుకే పోయింది. ఆవిడకు విశ్వాసుల దిబ్బలో మంచి చోటు చూపించారు.

"అక్కడ కాదు," అంది మా అమ్మ. సంఘపెద్ద ఏదో అనబోతే పలుగు అతని చేతిలో పెట్టి, వాగు వైపు నడిచింది.