అన్సెల్మో గారి పేరులేని సీసాలు

అన్సెల్మో క్వరెష్మ గారికి ఈ లోకంలో ఉన్న శత్రువు ఒక్కటే, లేబుల్. సీసా మీద గానీ, డబ్బా మీద గానీ, మందు పొట్లం మీద గానీ పేరు కనబడిందా, దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, గోటితో గీకి, దిగంబరంగా నిలబెట్టేదాకా ఆయనకు ముద్ద దిగదు.

వైను గిడ్డంగుల ఊరు గాయాలో నా కిరాణా కొట్టు పై అంతస్తులోనే ఆయన కాపురం. ముప్పై ఏళ్లుగా నా దగ్గర సరుకులు కొంటున్నారు, ముప్పై ఏళ్లుగా నా కళ్లముందే వాటి తోలు ఒలుస్తున్నారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకండీ ఈ పగ? అదేం పాపం చేసింది?"

"నలభై ఒక్క ఏళ్లు వైను గిడ్డంగిలో లేబుళ్లు అంటించాను లుదొవీనా. దేని మీద ఏం అంటించానో నాకు తెలుసు."

"ఏం అంటించారేంటి?"

"అందుకే గీకుతున్నాను," అని మెట్లెక్కి వెళ్లిపోయారు. నేను ఆ గిడ్డంగి వైను తాగడం మానేశాను.

ఆయన వంటింట్లో ఉప్పు, పంచదార, బట్టల సోడా ఒకే రకం డబ్బాల్లో ఒకే వరసలో ఉంటాయి. ఏది ఏదో నాలుకే చెప్పాలట. ఆయన ఇంట్లో కాఫీ తాగినవాళ్లు రెండు రకాలు. ఒక్కసారి తాగినవాళ్లు, నేను. ఒక ఈస్టరు పండక్కి చేపల ముద్దతో బూట్లు పాలిష్ చేసుకుని చర్చికి బయలుదేరారు. వీధిలోని పిల్లులన్నీ భక్తిగా వెంట నడిచాయి. మరో ఏడు దగ్గు మందును రెండు వారాలపాటు సలాడ్‌లో పోసుకుని తిన్నారు. దగ్గు తగ్గింది. ఆయన సిద్ధాంతానికి అంతకంటే ఋజువేం కావాలి? మందుల షాపు ఎర్మీనియో గారు మాత్రం ఆ తరవాత ఆయనకు ఏ మందిచ్చినా, ఇదేమిటో ఎదురుగా నిలబెట్టి మూడుసార్లు అప్పజెప్పించుకునేవారు.

చివరికి తలుపు గంట పక్కన తన పేరు కూడా గీకేశారు. పోస్టుమాన్ ఆయన ఉత్తరాలన్నీ నా కొట్లో పడేసి పోతాడు.

"పేరు లేకపోతే మీ ఇల్లు ఎవరికి తెలుస్తుందండీ?"

"నేను కావాల్సినవాడికి తెలుస్తుంది. పేరు కావాల్సినవాడు నాకెందుకు?"

ఇలాంటి మనిషి ఏటా నవంబరులో, సెయింట్ మార్టిన్ పండగ ముందు ఆదివారం మధ్యాహ్నం, స్నేహితులను పిలిచి, మా ఊరి తియ్యటి పోర్టు వైను పోటీ పెడతారు. ఆరు సీసాలు. ఏది పీపాలో పదేళ్లు మగ్గి గోధుమరంగుకి తిరిగిన టానీయో, ఏది ఎర్రటి కుర్ర రూబీయో, ఏది ఏ ఏటిదో రుచి చూసి చెప్పాలి. ఓడినవాళ్లు గిన్నెలు కడగాలి. ముందురోజే ఆరు వైన్లనూ ఆరు ఒకే రకం నల్లగాజు బోడి సీసాల్లోకి వంపేస్తారు. అది చాలక ఒక్కోదానికి ఒక్కో ఉన్ని మేజోడు తొడుగుతారు.

"లేబులే లేనప్పుడు మేజోడు దేనికండీ?"

"మెడ దగ్గర వైను ఎంత ఎత్తుంది, మూత ఎలా ఉంది, అవి చూసి చెప్పే దొంగలున్నారు."

గ్లాసుల్లో పోస్తే రంగు తెలిసిపోతుందని బిసల్యాయిస్ ఊరి కుమ్మరులు చేసే నల్లమట్టి గిన్నెల్లో పోస్తారు. జవాబులు కాగితం మీద రాసి కవరులో పెట్టమని మేము చెప్పి చెప్పి విసిగిపోయాం. కాగితం మీద రాస్తే అదీ లేబులేనట. జవాబులన్నీ ఆయన బుర్రలోనే ఉంటాయి. ఇన్నేళ్లలో ఆ బుర్ర ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. గెలిచేది మాత్రం ఏటా ఒక్కరే, తెయొదోసియో గారు.

తెయొదోసియో గారు అదే గిడ్డంగిలో రుచి చూసే ఉద్యోగం చేశారు. పీపాలో ఏముందో ఆయన చెప్పేవారు, సీసా మీద ఏముండాలో అన్సెల్మో గారు అంటించేవారు. రెంటికీ పొంతన కుదిరినా కుదరకపోయినా ఇద్దరికీ మాత్రం బాగా కుదిరింది. తెయొదోసియో గారి ముక్కంటే గాయాలో శాసనం. పద్దెనిమిదో ఏట పెద్ద రుచిదారు ఆయన చేతిలో పెట్టిన చిన్న వెండి గిన్నె ఇప్పటికీ ఆయన కోటు జేబులోనే ఉంటుంది.

అలాంటిది మొన్న సెప్టెంబరులో నా కొట్లో ఒక జున్నుగడ్డ ఎంతగా చెడిందంటే, బేరానికొచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరిగి పోతున్నారు. తెయొదోసియో గారు దాని పక్కనే నిలబడి, తాపీగా కబుర్లు చెబుతూ గుడ్లు ఏరుకున్నారు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన గుడ్లు కింద పెట్టేశారు.

"వేసవిలో వచ్చిన జ్వరంతో పోయిందమ్మా. కాఫీకి, కిరసనాయిలుకి తేడా తెలీడం లేదు."

"అన్సెల్మో గారింట్లో ఆ తేడా ఎవరికీ తెలీదు లెండి."

ఆయన నవ్వలేదు. "ఈసారి పోటీలో అందరి ముందూ చెప్పేస్తాను. ఈ గిన్నె ఆ వల్దెమార్‌కి ఇచ్చేసి వచ్చేస్తాను. ముక్కు లేనివాడికి ఆ బల్ల దగ్గర ఏం పని? ఇంక రాను. మీ పై అంతస్తువాడికి మాత్రం చెప్పకు."

నేను చెప్పలేదు. కొట్టు నడిపే ఆడదాని మాట నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

వల్దెమార్ ఎర్మీనియో గారి అల్లుడు. మూడు వారాల కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి పటం కట్టించుకుని, వైను పండితుడైపోయాడు. తాగే ముందు గిన్నెను ముక్కు కింద పెట్టుకుని ఎంతసేపు పీలుస్తాడంటే, తాగడానికి ఏమైనా మిగిలిందా అని మనకు అనుమానం వస్తుంది. ఆ ఆదివారం మాతో బల్ల దగ్గర కూర్చుని, కాల్చిన చెస్ట్‌నట్ గింజలు వద్దని పక్కకు తోసి, నోటు పుస్తకం తెరిచాడు.

అన్సెల్మో గారు మొదటి మేజోడు వంచారు.

"తడిసిన గులకరాళ్లు," అన్నాడు వల్దెమార్ కళ్లు మూసుకుని. "పాత వకీలు గారి పుస్తకాల బీరువా. పదేళ్ల టానీ."

"నువ్వు గులకరాళ్లు ఎప్పుడు తిన్నావు బాబూ?" అన్నాను.

"అది పరిభాషండీ."

"మామగారూ, మీరు?" అన్నారు అన్సెల్మో గారు, వల్దెమార్ తరఫున గౌరవంగా.

"పోర్టు," అన్నారు ఎర్మీనియో గారు. ఆయన ఏటా అదే చెబుతారు, ఏటా అది నిజమే.

నేను నోటికొచ్చింది చెప్పాను. ఆ ఇంటి కాఫీతో నా నాలుక ఎప్పుడో చచ్చింది. వల్దెమార్ మాత్రం రెండోది ఇరవై ఏళ్ల టానీ అన్నాడు, మూడోది రూబీ అన్నాడు, అయిదు దాకా తడుముకోకుండా చెప్పుకుపోయాడు. ఆరోది నోట్లో పడగానే మాత్రం పాపం పరిభాష మరిచిపోయాడు.

"ఇది చాలా పాతదండీ. యాభై ఏళ్లు దాటి ఉంటుంది," అన్నాడు మెల్లగా.

అన్సెల్మో గారు తెయొదోసియో గారి వైపు తిరిగారు. ఆయన ప్రతి గిన్నె దగ్గరా పాత పద్ధతిలోనే తల వంచారు, పీల్చారు, చప్పరించారు. కాగితం మీద ఒక్క అక్షరం రాయలేదు. ఇప్పుడు లేచి నిలబడ్డారు. చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. వెండి గిన్నె సగం బయటికొచ్చింది.

"నాకు," అన్నారాయన, "ఆరూ ఒకటేలా ఉన్నాయి. ఎందుకంటే..."

"ఎందుకంటే ఒకటే కాబట్టి," అన్నారు అన్సెల్మో గారు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆయన లేచి చకచకా మేజోళ్లు లాగేశారు. ఆరు బోడి సీసాలు, అచ్చంగా ఒక్కలాంటివి, బల్ల మీద వరసగా నిలబడ్డాయి.

"ఇరవై ఏళ్ల టానీ. ఆరింట్లోనూ అదే. చూద్దాం ఎవడు కనిపెడతాడో అని నిన్న నేనే పోశాను. ఎప్పటిలాగే వీడే కనిపెట్టాడు. ముసలి దొంగ, వీడి ముక్కుకి దిష్టి తీయాలి. కూర్చోరా."

తెయొదోసియో గారు కూర్చోలేదు, కూలబడ్డారు.

"అయ్యో, నాకూ అనుమానం తగిలిందండీ," అన్నారు ఎర్మీనియో గారు వెంటనే. "అందుకే ఆరింటికీ ఒకే జవాబు చెప్పాను."

వల్దెమార్ మొహం కందిపోయింది. "మూడోది రూబీ అండీ. నేను ప్రమాణం చేసి చెబుతాను."

"పేరు కనబడకపోతే నాలుక ఎన్ని వేషాలేస్తుందో చూశావా నాయనా," అన్నారు అన్సెల్మో గారు జాలిగా. "నీ తప్పేం లేదు. కోర్సు ఇంకో మూడు వారాలు ఉండాల్సింది."

ఓడినందుకు నేను గిన్నెలు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లాను. అడుగున మిగిలిన చుక్కలు ఒక్కొక్కటే కుళాయి కింద తెల్లటి తొట్టిలో ఒంపాను. మొదటిది గోధుమరంగు. రెండోది తేనెరంగు. మూడోది దానిమ్మగింజంత ఎరుపు. నేను కుళాయి తిప్పడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను.

వెనక అడుగుల చప్పుడైంది. అన్సెల్మో గారు ఆరు సీసాలూ పట్టుకుని వచ్చి తలుపు దగ్గరగా వేశారు. పెద్ద కూజా తీసుకుని, మిగిలిన వైను ఒక్కో సీసాలోంచి అందులో గుమ్మరించడం మొదలుపెట్టారు. ఆరో సీసా దగ్గర చెయ్యి ఆగింది.

"అన్సెల్మో గారూ, అది మీ పెళ్లి అయిన ఏటిది కదూ?"

ఆ వైను సంగతి నాకు తెలుసు. ఆయన భార్య దెవొలిందా బతికుండగా వాళ్లు దాని మూత తీయలేదు. ఆవిడ పోయాక కూడా ఆయన తీయలేదు. ఈ ఏడు ఎందుకు తీశారో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"అదే," అని సగానికి పైగా ఉన్న ఆ వైనును రూబీ మీద ధారగా పోసేశారు. గాయాలో ఎవరైనా చూస్తే గుండె ఆగి చస్తారు.

"గాయా బతికిందే వైన్లు కలపడం మీద లుదొవీనా. ఇప్పుడు అంతా ఒకటే. నేను అబద్ధం చెప్పానని ఇంకెవరైనా అనగలరేమో అనమను."

ముప్పై ఏళ్లుగా నేను వెక్కిరిస్తున్న మనిషి ఈయనేనా అనిపించింది. ఆ క్షణంలో ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. సోడా కలిపిన కాఫీ ఇచ్చినా తాగి ఉండేదాన్ని.

తలుపు తోసుకుని వల్దెమార్ వచ్చాడు. "ఒక్కసారి మళ్లీ చూడొచ్చాండీ?"

అన్సెల్మో గారు కూజాలోంచి గిన్నెడు పోసి ఇచ్చారు. అతను పీల్చాడు, కళ్లు మూశాడు, చాలాసేపు ఆలోచించాడు.

"అవునండీ. ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. ఇరవై ఏళ్ల టానీ. ఇందాక ఆ గింజల పొగ అడ్డొచ్చింది," అని వినయంగా గిన్నె పెట్టేసి వెళ్లాడు. నేను తొట్టికి అడ్డంగా నిలబడి, మొహం మామూలుగా పెట్టుకున్నాను.

అతను అటు వెళ్లగానే తెయొదోసియో గారు వచ్చారు. ఈసారి నేను జరగడం ఆలస్యమైంది. ఆయన తొట్టిలోకి చూశారు. బోడి సీసాల వైపు చూశారు. కూజా వైపు చూశారు.

"ఒరేయ్, నాకు పోయింది ముక్కురా. కళ్లు కాదు."

అన్సెల్మో గారు అప్పుడు కుళాయి తిప్పారు. నీళ్లు ఎర్రగా, తరవాత తెల్లగా పారాయి.

తెయొదోసియో గారు జేబులోంచి వెండి గిన్నె తీశారు. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. కూజా కింద పట్టారు. నింపుకుని తాగి, పెదాలు తుడుచుకున్నారు.

"తీపి మాత్రం తెలుస్తోంది," అన్నారు. ఖాళీ గిన్నె ముందుకు చాస్తూ అడిగారు. "వచ్చే ఏడు ఆరూ ఒకటేనా, వేరువేరా?"

"చెప్పేస్తే ఇంక పోటీ ఎందుకురా? వచ్చి తాగి చెప్పు," అన్నారు అన్సెల్మో గారు, ఆయన చేతిలోని గిన్నె మళ్లీ నింపుతూ.