చంద్రవ్వ బిస్సీలో అన్నం తినని మనిషి

మహారాష్ట్రలోని భివండీలో మగ్గాల మీద పనిచేసే ఒంటరి మగవాళ్ళకు రెండు పూటలా వండిపెట్టే ఇంటిని బిస్సీ అంటారు. శాంతి నగర్‌లో చంద్రవ్వ నడిపే బిస్సీకి వచ్చేవాళ్ళంతా సిరిసిల్ల, కరీంనగర్ వైపు వాళ్ళే. భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక ఆమె ఈ వంటపనికి దిగింది. పిల్లలు లేరు. ఆమె వంటకు వంక పెట్టినవాడు లేడు, పళ్ళెంలో మెతుకు మిగిల్చినవాడూ లేడు, ఒక్క నాగయ్య తప్ప.

నాగయ్య దగ్గర్లోని నాగావ్‌లో రాత్రి పాళీలో సాంచాలనే కరెంటు మగ్గాలు నడిపేవాడు. పగలంతా కిటికీకి గోనెపట్టా కట్టుకుని పడుకునేవాడు. పొద్దుగూకే వేళకు వచ్చి, అన్నం పెట్టించుకుని, ఎవరూ చూడకుండా పక్కనున్న ముసలి సోమయ్య పళ్ళెంలోకి వంచేసేవాడు. సోమయ్య కిమ్మనకుండా తినేవాడు. అది చంద్రవ్వ కంటపడింది. తన చేతి కూడు వద్దనుకునేంత గొప్పవాడా అని లోలోపల ఉడికిపోయింది.

ఒక ఆదివారం నల్ల అనే నెత్తురు కూర వండడానికి మేక నెత్తురు తెచ్చింది. గిన్నె మూత తీసేసరికి గుమ్మంలో ఉన్న నాగయ్య ముఖం మారిపోయింది. ఆకలిగొన్న మొహాలను ఏళ్ళ తరబడి చూసిన మనిషి ఆమె. పొయ్యి మీదికి ఎక్కాల్సిన గిన్నెను అతని వైపు జరిపి, అటు తిరిగి ఉల్లిగడ్డలు కోసుకుంటూ కూర్చుంది. మళ్ళీ చూసేసరికి గిన్నె కడిగినట్టుంది.

అతను దాచలేదు. తన వయసు తనకే తెలియదన్నాడు. ఎండ తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుందని, నెత్తురు తప్ప మరేదీ లోపల నిలవదని, ఏ ఊళ్ళోనూ ఎక్కువ కాలం ఉండలేదని చెప్పాడు.

"భయమైతలేదా?" అని అడిగాడు.

"ఆకలైనోన్ని జూసి భయమెందుకు?" అంది చంద్రవ్వ.

ఆనాటి నుంచి పొద్దున్నే మటన్ దుకాణానికి పోయి డబ్బాలో నెత్తురు తెచ్చిపెట్టేది. సాయంత్రాలు అతను డ్యూటీకి పోయేముందు ఆమె పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేవాడు. పొయ్యి సెగకు కాలిపోతున్న ఆమె నుదుటి మీద అరచెయ్యి ఆనించేవాడు. కొత్తకుండ మీద తల పెట్టుకున్నట్టుండేది. అలిసిపోయినవా అని ఆమెను పెళ్ళినాటి నుంచి ఎవరూ అడగలేదు. అతను అడిగేవాడు. వాడకట్టులో నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆమె చెవిన వేసుకోలేదు.

అంతలో కరోనా వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. దుకాణాలు మూశారు. బిస్సీలో తినేవాళ్ళంతా మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డు పట్టుకుని నడిచిపోయారు. మోకాళ్ళు పనిచేయని సోమయ్య మాత్రం నడవలేక చంద్రవ్వ ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ ఇంటి వెనక గదిలోకి మారిన నాగయ్య, నెత్తురు దొరకక, చూస్తుండగానే ఎండిపోసాగాడు. చంద్రవ్వ తన చెయ్యి చాపింది. అతను వద్దన్నాడు, మొహం తిప్పుకున్నాడు, చివరికి తాగాడు. ఇంట్లో గింజలు అడుగంటాయి. తినేది గుప్పెడు, ఒంట్లోంచి పోయేది దోసెడు. ఒకనాడు పొయ్యి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది.

మరునాడు పొద్దున సోమయ్య లేవలేదు. మెడ మీద గాటు ముందుగా చూసింది చంద్రవ్వే. దుప్పటి గడ్డం దాకా లాగింది. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి, ఆ రోగమే అయివుంటుందని, దగ్గరికి రాకుండానే ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోయారు.

ఆమె నాగయ్య గది తలుపు తీసింది. అతని మొహంలో మళ్ళీ కళ వచ్చింది.

"నువ్వేనా?"

"నేనే. ఇంక నీ దగ్గర తాగితే నువ్వు దక్కకపోదువు."

"నా పానం గట్ల నిలవెట్టుమని నిన్ను నేనడిగిన్నా?"

అతను తల వంచుకున్నాడు. వెళ్ళిపోతానన్నాడు. రోడ్డంతా నడిచిపోతున్న జనం, చంకన పిల్లలు, చెట్ల కింద సోయి లేకుండా పడుకున్నవాళ్ళు ఆమె కళ్ళ ముందు మెదిలారు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు యాడికి వోయినా ఆడ ఒక సోమయ్య ఉంటడు. ఈడనే ఉండు, నా కండ్ల ముందట."

అది ప్రేమతో అన్న మాటో, కాపలాతో అన్న మాటో ఆమెకే తెలియలేదు. దుకాణాలు తెరిచేదాకా ఒంట్లో ఉన్నదే పోసి బతికించింది. ఇప్పటికీ ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆమె జుట్టు తెల్లబడింది, చేతులు వణుకుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు అతన్ని ఆమె కొడుకనుకుంటారు. ఆమె కాదనదు.

అప్పట్లో దారులు తెరిచాక సోమయ్య భార్య పెంటవ్వ ఊరి నుంచి వచ్చింది. మొగుడు పోయిన చోటు చూసుకుందామని వచ్చింది, అంతే. గోడవారన అతను పడుకునే జాగాను చేత్తో తడిమింది.

"ఆఖర్ల గొంతుల నీళ్ళన్న పోసినవా, బిడ్డా?"

"పోసిన, అత్తా" అంది చంద్రవ్వ.

పెంటవ్వ ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. అన్నం తిని, ప్రయాణపు బడలికకు మధ్యాహ్నం ఆ జాగాలోనే కొంగు పరుచుకుని ఒరిగింది. చంద్రవ్వ నాగయ్య గదికి బయట గొళ్ళెం పెట్టి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. లోపలి నుంచి ఒకసారి మెల్లగా తట్టాడు. ఆమె గొళ్ళెం మీద చెయ్యి వేసింది. సాయంత్రం బస్సు వేళకు పెంటవ్వ లేచి మొహం కడుక్కునేదాకా అక్కడి నుంచి కదలలేదు.