బాలస్వామి జమ్మి పరుగు

ముప్పై నాలుగేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన బాలస్వామికి దసరా నాడు ఒక్కసారి కూడా సెలవు దొరకలేదు. పండుగ దగ్గర పడిందంటే డిపో గోడమీదికి స్పెషల్ బస్సుల జాబితా ఎక్కేది. అందులో ఆయన పేరు మొదటి వరుసలోనే ఉండేది. పాలమూరు వాళ్లను పాలమూరులో, దేవరకొండ వాళ్లను దేవరకొండలో దించి, ఖాళీ బస్సును నల్గొండ డిపోలో అప్పజెప్పి ఇంటికి వచ్చేసరికి ఊళ్లో అన్నీ అయిపోయేవి. జమ్మి చెట్టుకు పూజ అయిపోయేది. బంగారమని చెప్పుకుంటూ జమ్మి ఆకు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకోవడం, అలయ్ బలయ్ అంటూ కావలించుకోవడం కూడా అయిపోయేవి. ఆయన భార్య సత్తమ్మ మాత్రం రెండాకులు కొంగున ముడేసి దాచేది.

"ఇగో, నీ పాలు. పట్టు," అని అరచేతిలో పెట్టేది.

మర్నాడు ఆయనకు సెలవు. కాబట్టి బాలస్వామి ఇంట్లో దసరా ఎప్పుడూ ఒకరోజు ఆలస్యంగా వచ్చేది.

రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో సత్తమ్మ జ్వరంతో పోయింది. వాళ్లకు పిల్లలు లేరు. తర్వాత రెండేళ్లకు ఆయన రిటైరయ్యాడు. ఇంట్లో మాట్లాడేవాళ్లు ఉండరని ఆయనకు తెలుసు. దానికి మనసును సిద్ధం చేసుకున్నాడు. సిద్ధం కానిది మరొకటి ఉంది. కండక్టరు చేతికి రోజుకు కొన్ని వందల చేతులు తగులుతాయి. టికెట్టు అందుకునే చేయి, చిల్లర ఇచ్చే చేయి, మెట్టెక్కేటప్పుడు పట్టుకునే ముసలి చేయి. ఆ చేతులన్నీ ఒక్క రోజున ఆగిపోయాయి. రిటైరైన నెలకో ఎప్పుడో కూరగాయలామె వంకాయలు ఇస్తూ పొరపాటున వేలు తాకిస్తే, ఆయన ఇంటికి వచ్చి చాలాసేపు ఆ చేతిని మోకాలిమీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు డిపో ఆటల పోటీల్లో పరుగెత్తేవాడు. నిద్ర పట్టక, తెల్లవారకముందే మైదానానికి వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ పరిచయమైన నలుగురితో కలిసి ఆ ఏడాది దసరా మర్నాడు తుమ్మలగూడెం దారిలోని జమ్మి చెట్టుదాకా పరుగెత్తాడు. అయిదు కిలోమీటర్లు పోను, అయిదు రాను. తలా ఒక రెమ్మ తెచ్చి, బస్సు షెల్టరు ముందు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని కావలించుకున్నారు. జమ్మి పరుగు పుట్టింది అలాగే. మరుసటి ఏడు నలభై రెండు మంది వచ్చారు.

పరుగును ఆయన బస్సు నడిపినట్టే నడిపాడు. ప్రెస్సులో పాతకాలపు బస్సు టికెట్ల కొలతలోనే సన్నటి టికెట్లు అచ్చు వేయించి కట్ట కట్టించాడు. బయలుదేరేటప్పుడు ఒక్కొక్కరికి ఒకటి చింపి ఇస్తాడు. జమ్మి చెట్టు దగ్గర నిలబడ్డ మనిషి పంచుతో దానికి చిల్లు పెడతాడు. తిరిగొచ్చినవాడు చిల్లుపడ్డ టికెట్టును బాలస్వామి ఎడమచేతిలో, జమ్మి రెమ్మను కుడిచేతిలో పెట్టి ఆయన్ను కావలించుకోవాలి. పందెం ముగిసినట్టు అప్పుడే. నలభై రెండు మంది చెమట ఆయన చొక్కాకు అంటేది. ఆ రోజు ఆయన స్నానం సాయంత్రానికి వాయిదా పడేది. ఎందుకని అడిగేవాళ్లు లేరు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

కరోనా వచ్చిన ఏడు పరుగు లేదు. మరుసటి ఏడు మూతులకు గుడ్డలు కట్టుకుని పదిహేను మంది వచ్చారు. షెల్టరు ముందు ఆయనే ఒక బల్ల వేసి, దానిమీద స్టీలు తాంబాళం పెట్టాడు. టికెట్టు, ఆకు అందులో వేసి దూరంగా నిలబడి దండం పెట్టి పోయారు. జబ్బు పోయింది, తాంబాళం మాత్రం పోలేదు. అలవాటైపోయింది. తాంబాళం తీసేయమని ఆయన నోటితో ఎట్లా చెప్పగలడు? నన్ను కావలించుకోండని అడగడమే అవుతుంది.

రెండు వేల ఇరవై అయిదులో దసరా, గాంధీ జయంతి ఒకేరోజు పడ్డాయి. ఆ రోజు మాంసం అమ్మకూడదు. దాంతో ఊళ్లకు ఊళ్లు మేకల కోతను మర్నాటికి జరుపుకున్నాయి. సరిగ్గా పరుగు పొద్దుననే వాడవాడలా మేకలు తెగుతున్నాయి. షెల్టరు దగ్గరికి వచ్చింది ఏడుగురే.

"ఇదే ఆఖరు కమలాకర్," అన్నాడు బాలస్వామి టికెట్ల కట్ట విప్పుతూ. "ఈసారన్న ఎవరన్న చేతుల పెడ్తరేమో చూస్త. లేకుంటే బంద్ చేస్త."

"చేతుల ఏం పెడ్తరు కాకా?"

"ఏం లేదు తియ్. నువ్వు చెట్టు కాడికి నడువు."

కమలాకర్ డిపోలో మెకానిక్. పంచు కొట్టే పని ఏటా అతనిదే. బైకు ఎక్కుతూ, "తొందరగ ఉరకమని చెప్పు కాకా. మా గల్లీల మటన్ పోగులు పెడ్తున్నరు. నేను లేకుంటే మా పోగుల బొక్కలే మిగుల్తయ్," అన్నాడు.

వచ్చిన ఏడుగురిలో ఆరుగురు పాతవాళ్లే. ఏడో మనిషి ఇరవై ఏళ్ల పిల్ల, నర్సింగు కాలేజీ హాస్టల్లో ఉంటుందట. పేరు గ్లోరీ అని చెప్పింది. బస్టాండులో అంటించిన కాగితం చూసి వచ్చిందట. కాళ్లకు బూట్లున్నాయి కానీ పరుగెత్తే బూట్లు కావు, తెల్లటి డ్యూటీ బూట్లు.

బాలస్వామి ఎప్పటిలాగే గొంతు పెంచి చెప్పాడు. "పంచు లేని టికెట్టు చెల్లదు. చెట్టు కాడ మనిషి ఉంటడు. పంచు కొట్టించుకోకుంట మర్లొస్తే లెక్కలకు రారు. ఇగ పోండి, రైట్ రైట్."

పత్తి చేల మధ్య దారిలో ఆరుగురు ముందు, ఒకతె వెనక కనుమరుగయ్యారు.

గంట దాటకముందే ఆరుగురూ వచ్చేశారు. వాళ్లకీ ఇళ్ల దగ్గర పోగులున్నాయి. టికెట్టు, ఆకు తాంబాళంలో పడేసి, "పోతున్నం స్వామన్నా, కూర ఉడుకుతాంది," అని బండ్లెక్కారు. చివరివాడు రెమ్మను దూరం నుంచే విసిరాడు. అది తాంబాళం అంచుకు తగిలి నేలమీద పడింది. బాలస్వామి వంగి తీసి లోపల వేశాడు. వెనకే కమలాకర్ చేల అడ్డదారిన వచ్చి, బైకు దిగకుండానే పంచు బల్లమీద పెట్టాడు.

"అందరైన్రు కాకా. ఆరుగురు."

"ఏడు టికెట్లు కోసిన కదరా."

"గా పిల్ల నడుమలనే మర్లి పోయుంటది. కొత్తది గద. నువ్వు గూడ పో ఇంటికి. మా ఇంటికే రారాదు, తిందువు."

"వస్తలే. నువ్వు పో."

తను రాడని ఇద్దరికీ తెలుసు. కమలాకర్ బండి పోయాక బాలస్వామి టికెట్లు లెక్కపెట్టాడు. ఆరు. మళ్లీ లెక్కపెట్టాడు. ఎక్కినవాళ్లందరూ దిగకుండా బస్సును డిపోలో పెట్టిన కండక్టరు ఎవడూ ఉండడు. ఎండ బల్లమీదికి వచ్చేదాకా చూశాడు. ఆ పిల్ల ఫోను నంబరైనా రాసుకోలేదు. బల్ల మడిచి, తాంబాళం సంచిలో పెట్టి సైకిలు క్యారియర్‌కు కట్టాడు. పంచు జేబులో వేసుకుని తుమ్మలగూడెం దారి పట్టాడు.

దారంతా బత్తాయి తోటల్లో, గట్లమీద, కల్వర్టుల కింద చూసుకుంటూ తొక్కాడు. పడిపోయిందేమో, కుక్కలు తరిమాయేమో. దారి పక్క ఇళ్లలోంచి మసాలా వాసన, నవ్వులు వస్తున్నాయి. "ఒక పిల్ల ఉరుక్కుంట పోవుడు చూసిన్రా?" అని ఒక ఇంటి ముందు అడిగాడు. "ఇయ్యాల ఎవరురుకుతరు పెద్దమనిషీ," అని లోపలినుంచి ఎవరో నవ్వారు.

గ్లోరీ జమ్మి చెట్టు కింద కూర్చుని ఉంది. నిన్నటి పూజలో చేతికందే కొమ్మలన్నీ ఊరివాళ్లు దూసేశారు. పైన మాత్రమే పచ్చదనం ఉంది. ఆ పిల్ల మోచేతులమీద ముళ్ల గీతలున్నాయి. ఒడిలో ఒక చిన్న రెమ్మ, పిడికిట్లో చెమటకు మెత్తబడ్డ టికెట్టు.

"ఏమైంది బిడ్డా? కాలు బెణికిందా?"

"లేదు తాతా. నేనొచ్చేసరికి ఇక్కడ పంచు కొట్టెటాయన లేడు. వస్తడేమోనని కూసున్న."

"రెండు గంటల సంది కూసున్నవా? మర్లి రాకపోయినవా?"

"పంచు లేకుంటే లెక్కలకు రారని మీరే అన్నరు గద," అంది గ్లోరీ. "ఫోన్ హాస్టల్ల పెట్టొచ్చిన. అక్కడ ఎవ్వరు లేరు. అందరు పండుగకు ఊళ్లకు పోయిన్రు. నాకు వార్డుల డ్యూటీ వేసిన్రు. నీకు దసరా లేదు గదా, ఉండు అన్నరు."

"మరి మీ ఊర్లె?"

"మాది షాద్‌నగర్ దిక్కు. మేం జమ్మి పెట్టం గని మా అవ్వకు చుట్టుపక్కలోళ్లందరు తెచ్చి ఇస్తరు. తీసుకుంటది."

దసరా స్పెషల్ డ్యూటీ ఎలా ఉంటుందో బాలస్వామికి ఎవరూ చెప్పనక్కర్లేదు. జేబులోంచి పంచు తీసి టికెట్టుకు చిల్లు పెట్టాడు. తడి కాగితం తెగినట్టుగా కాకుండా నలిగినట్టుగా చిల్లు పడింది.

"సైకిలెక్కు, దింపుత."

"ఎట్లెక్కుత తాతా? ఉరికేది ఇంక అయిదు కిలోమీటర్లుంది."

"సరే. నేను ముందు పోయి నిలబడ్త. పైలంగ రా, ఫికర్ చెయ్యకు. పొద్దుగూకినా నేనుంట."

షెల్టరు దగ్గరికి చేరి సైకిలు ఆపాడు. క్యారియర్‌మీద బల్ల, సంచిలో తాంబాళం ఉన్నాయి. తాడు ముడి మీద చేయి వేశాడు. కొంచెంసేపు అలాగే నిలబడి, ముడి విప్పకుండానే చేయి తీసేశాడు. సైకిలును షెల్టరు వెనక్కి నెట్టి, దారికి అడ్డంగా నిలబడ్డాడు.

చాలాసేపటికి మలుపులో తెల్లబూట్లు కనబడ్డాయి. పరుగెత్తుతోందో నడుస్తోందో తెలియకుండా వస్తోంది. దగ్గరికి వచ్చి బల్లకోసం అటూఇటూ చూసింది. పొద్దున అక్కడ తాంబాళం ఉండటం చూసింది కదా.

"ఏడ వెయ్యాలె?"

బాలస్వామి రెండు చేతులూ ముందుకు చాపాడు.

ఎడమచేతిలో టికెట్టు పెట్టింది, కుడిచేతిలో రెమ్మ పెట్టింది. పెట్టి, ఇక నిలబడలేక ఆయన మోచెయ్యి పట్టుకుని, నుదురు భుజానికి ఆనించి ఆయాసం తీర్చుకుంది. అలయ్ బలయ్ ఏమీ కాదు, ఆసరా అంతే. బాలస్వామి కదలలేదు. ఆమెను బస్సెక్కించాల్సింది ఆయనే అయినా, ఆ ఊపిరి కుదుటపడేదాకా రోడ్డు వైపు చూడలేదు.

"మళ్లచ్చే ఏడు కూడ పరుగుంటదా తాతా?" అంది తల ఎత్తి.

"కోర్సు అయిపోతది గద నీది?"

"ఇంకో ఏడాదుంది."

ఊరి బస్సు వచ్చింది. "మహిళలకు టికెట్టు పైసల్లేవు పో," అని ఆయనంటే గ్లోరీ నవ్వి ఎక్కింది. కిటికీలోంచి చేయి ఊపిందో లేదో దుమ్ములో సరిగా కనబడలేదు. ఆ తర్వాత రోడ్డుమీద మనుషులెవరూ లేరు.

ఇంట్లో స్నానానికి నీళ్లు కాచే పొయ్యి దగ్గర చితుకులు, అగ్గిపెట్టె పొద్దుననే సర్దిపెట్టి వెళ్లాడు. మిగిలిన టికెట్ల కట్టను ఆ పొయ్యిలో వేయాలని అనుకున్నాడు. ఇప్పుడు దాన్ని కిటికీ గూట్లో పెట్టాడు. ఏడో టికెట్టును ఆరబెట్టాడు. చద్దన్నం తిని, భుజం దగ్గర తడి మచ్చ ఉన్న చొక్కాతోనే గడపమీద కూర్చున్నాడు. వీధిలో ఎవరింటికో ఎవరో వస్తూ పోతూ ఉన్నారు. పొయ్యి మాత్రం సాయంత్రం దాకా ముట్టించలేదు.