ఆవిరమ్మ విప్పిన మూటలు

పరికరాల్ని ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ తలుపు తీశాక ఆవిడ ముందు చేసే పని ఒకటే. కాసేపు చల్లారనిచ్చి, చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక భాగం ఒక్కో మూటకీ ఆనిస్తుంది. మూటలో ఆపరేషన్ కత్తెరలు, పటకార్లు; పైన రెండు పొరల గుడ్డ. పొడిగా ఉంటే థియేటర్‌కి పంపుతుంది. చెమ్మ తగిలితే పంపదు, తడి గుడ్డలోంచి క్రిములు లోపలికి పాకుతాయి కనక. పద్దెనిమిదేళ్ళుగా ఆసుపత్రిలో ఇదే పని. అందరూ ఆవిరమ్మ అంటారు.

వరద తగ్గి తొమ్మిది రోజులు. మునిగిన బాయిలరు మూలపడింది. అరువు తెచ్చిన చిన్నది ఆయాసపడుతూ ఆవిరి ఇస్తోంది. ఆపరేషన్లు ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు. రెండుసార్లూ వెనక్కి వచ్చినవాళ్ళలో ఆవిరమ్మ సొంత అక్క ఉంది. కడుపులో గడ్డ. రక్తం పోయి పోయి మనిషి సున్నంలా పాలిపోయింది. ఇవాళ జాబితాలో మొదటి పేరు ఆమెదే. ఆపరేషన్ కోసం రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

ఎనిమిది మూటలు. పై అరలో మూడూ పొడిగా ఉన్నాయి. కింది అరలో నాలుగోదాని మీద చెయ్యి ఆగిపోయింది. ఐదోదీ అంతే.

ఒక్కటి తడిసినా ఆవిరి సరిగా లేదన్నమాట; ఆ వాయి మొత్తం పనికిరాదు.

డాక్టరు స్వయంగా మెట్లు దిగి వచ్చాడు. మూట మీది టేపు చూపించాడు.

"గీతలు నల్లబడ్డాయి కదమ్మా. ఇంకేం కావాలి నీకు?"

"వేడి తగిలిందని చెప్తాయండీ అవి. ఆరిందని చెప్పవు."

"మూడు పొడిగానే ఉన్నాయిగా! ముగ్గురికి చేసేస్తాను. వార్డులో జనం నా పీక మీద కూర్చున్నారు."

"వాయి ఒకటేనండీ."

వెనకే వచ్చిన హెడ్ నర్సు ఆమె చెవి దగ్గర గొణిగింది. "పిచ్చిమొహమా, మొదటిది మీ అక్కదే. నోరు మూసుకుని ఇచ్చెయ్."

ఆవిరమ్మ పై అరలో మూటని మళ్ళీ తాకింది. పొడి. ఇంకోసారి తాకింది. పొడే. అప్పుడు తన మీద తనకే భయం వేసింది. అన్నిసార్లు ఎన్నడూ తాకి ఎరగదు.

కత్తెర తీసుకుని ఎనిమిది మూటల టేపులూ కోసి, గుడ్డలు విప్పి పడేసింది. విప్పిన మూట ఇక ఎవరికీ పనికిరాదు. డాక్టరు వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

వార్డులో అక్క ఆమె మొహం చూసి గ్రహించింది.

"మళ్ళీనా? ఈసారి ఏం పోయింది, కరెంటా?"

"నేనే ఆపానే."

అక్క కళ్ళార్పకుండా చూసింది.

"చిన్నప్పుడు నీ జడ పీకానని ఇంకా కక్ష తీరలేదన్నమాట." నవ్వబోయింది, రాలేదు. గోడవైపు తిరిగింది. "ఇంకో పస్తు నా వల్ల కాదు. ఇంటికి పోతాను."

మర్నాడు తెల్లవారగానే ఆవిరమ్మ బాయిలరు మనిషితో పోట్లాడి, గొట్టాల్లో నిలిచిన నీళ్ళన్నీ వదిలించింది. మధ్య జానెడు ఖాళీ ఉంచి మూడే మూటలు పేర్చింది. ఆరబెట్టే సమయం రెట్టింపు చేసి తలుపు బిగించింది. మీటరు ముల్లు లేచేదాకా అక్కడే నిలబడింది. తర్వాత వార్డుకి వెళ్ళి, అక్క నోటిదాకా తెచ్చుకున్న గ్లాసు లాక్కుని, నీళ్ళు సింకులో పారబోసింది.