అన్న విప్పని కంబళి

మా ఊరి పంచాయితీనీ, పక్కనే ఉన్న మా పుట్టింటి ఊరి పంచాయితీనీ కలిపేయమని కుంపిణీ కలెక్టరు హుకుం పంపాడు. ఆయనకేం, ఒక్క మాట! మాలో ఏ ఊరికి ఆ ఊరి కంబళి పరిచి, పెద్దలు దానిమీద కూర్చుంటేనే తీర్పు.

మొదటి కూటం మా వాకిట్లోనే. పెద్దరికం మా ఇంటికొచ్చిందని పొద్దుటి నుంచీ పొంగిపోతున్నాను. మా ఊరి పెద్ద నా మగడు; మా ఊరి కంబళి ముందే పరిచేశాడు. పుట్టింటి ఊరి పెద్ద మా అన్న. తమ ఊరి కంబళి భుజాన వేసుకొచ్చినవాడు, దాన్ని విప్పకుండానే మా కంబళి అంచున కూర్చున్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

వెళ్తూ దాన్ని నా చేతిలో పెట్టాడు.

"చలి వస్తాది గదా అమ్మణీ, పిల్లోళ్ళకి పరిచెయ్యి. మాకింక ఏంటికి?"

పిల్లలు దానిమీద దొర్లుతారు. నేను ఈనాటికీ దానిమీద కాలు పెట్టలేదు.